దవడలు లేని చేప - దోష మెవ్వరిది?

జంతుశాస్త్ర పాఠములో చక్రముఖుల ప్రస్తావన వచ్చినపుడు తరగతిలో ఏమి జరుగునో ఉపాధ్యాయ మిత్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. లాంప్రేకు దవడలు లేవు, ఎముకలు లేవు, పొలుసులు లేవు, జంట వాజములు లేవు. విద్యార్థి ఈ 'లేవు'ల నన్నిటిని వరుసగా వ్రాసికొని, కంఠస్థము చేసి, పరీక్షలో అప్పగించి మార్కులు పొందును. ఆ జీవికి ఉన్నదేమియో అతడెరుగడు. లేమిని బట్టి పరిచయమైన ప్రాణిని నీచప్రాణి యని తలచుట సహజమే. ఈ అలవాటు మానవలెనని నా మనవి.

ఉన్నవానిని చూతము. పాము వంటి దేహము. ఇరువైపుల ఏడేసి మొప్ప రంధ్రములు. గుండ్రని నోటినిండ కొమ్ము వంటి పదార్థముతో నేర్పడిన దంతములు. పిల్లదశలో చూపు లేక, దంతములు లేక, ఏటి అడుగు బురదలో ఏండ్ల తరబడి దాగి, నీటిలోని సూక్ష్మాహారమును వడగట్టుకొని బ్రదుకును. ఈ పిల్లను వేరొక జంతువని పండితులే భ్రమపడిరి. 1856లో ఆగస్ట్ మ్యూలర్ అను శాస్త్రజ్ఞుడు అది లాంప్రే పిల్లయే యని నిరూపించెను. దీని జ్ఞాతియగు హాగ్‌ఫిష్‌ను మహాపండితుడైన లిన్నేయసే 1758లో పురుగులలో చేర్చెను. దక్షిణాఫ్రికాలో దొరకిన యొక శిలాజము వలన, దాదాపు 36 కోట్ల సంవత్సరముల క్రిందటనే లాంప్రేకు ఇట్టి గుండ్రని నోరు ఉండెనని తెలియుచున్నది. డైనోసార్లు పుట్టకముందే ఈ వంశ మున్నది. అవి పోయిన పిదపను నిలిచినది. దీనిని అసంపూర్ణ జీవి యనుట ఎట్లు?

"అది రక్తము పీల్చునది కదా!" యని కొందరందురు. పీల్చును, కాని అన్ని జాతులును కాదు. సముద్రపు లాంప్రే ఉత్తర అమెరికా మహాసరస్సులలో చేసిన వినాశము దాచవలసినదియు కాదు. అయితే ఆ కథను మొదటినుండి చెప్పవలెను. ఈరీ మొదలు పైనున్న సరస్సులకు నయాగరా జలపాతము పెట్టని కోట. ఓడలకై మానవుడు 1829లో వెల్లండ్ కాలువ తెరచి, తరువాత దానిని విస్తరించెను. 1921లో లాంప్రే ఈరీలో కనబడినది. 1938 నాటికి సుపీరియర్ చేరినది. అచటి ట్రౌట్ చేపలు క్షీణించి, బెస్తల బ్రదుకు చితికినది. 1955లో అమెరికా, కెనడాలు కలిసి మత్స్యసంఘము నొకదానిని నెలకొల్పినవి. వేలకొలది రసాయనములను పరీక్షించి, లాంప్రే పిల్లలను చంపు మందు నొకదానిని కనిపెట్టి, 1958 నుండి ఏళ్లలో కలుపుచున్నారు. ఆ నివారణ అవసరమే. బెస్తవాని కూడు పోవుచుండగా ఊరకుండు మని నేననను. కాని చేప తనంతట తలుపు తెరచుకొని రాలేదు, తెరచినది మానవుడే.

అదే ఖండపు పడమటి దిక్కున కథ తలక్రిందు. కొలంబియా నదీప్రాంతపు ఆదివాసులకు పసిఫిక్ లాంప్రే తరతరముల ఆహారము; వారి క్రతువులలో పవిత్రమైనది. ఆనకట్టలు అడ్డువచ్చి అది తగ్గిపోగా, వారే దానిని పట్టి, ఆనకట్టలు దాటించి, ఎగువ ఏళ్లలో విడుచుచున్నారు. ఒకచోట దారి తెరచి చేటు. మరియొకచోట దారి మూసి చేటు. రెంట చేప చేసిన నేరమేమి?

లాంప్రే మన నదులలో లేదు. కాని సముద్రము నుండి గోదావరి కెదురీదివచ్చు పులసకు ధవళేశ్వరమున ఆనకట్ట అడ్డుగనే యున్నది. ఆ ఆనకట్ట మనకు అన్నము పెట్టినదనుట నిజము. పులస దారి మూసినదనుటయు నిజమే. ఈ రెండు నిజములను కలిపి చెప్పగలిగినప్పుడే అది శాస్త్రపాఠ మగును.

కావున ఉపాధ్యాయులారా, "దీనికి ఏమి లేదు?" అని అడిగిన పిదప, "ఏమున్నది? ఎట్లు జీవించును? దాని దారిలో మనమేమి చేసితిమి?" అనియు అడుగుడు. మార్కులకు మొదటి ప్రశ్న చాలును, విద్యకు చాలదు.