నడిచాం, ఇక లెక్క అడుగుదాం

కాన్సరు రోగుల కోసమని చందాలు పోగుచేసే నడకలు ఇప్పుడు జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి. ఆదివారం తెల్లారేసరికి స్టేడియం దగ్గర చేరతారు. టోపీలు పంచుతారు. ఎవరో పెద్దమనిషి వచ్చి జెండా ఊపుతాడు. రెండు మూడు కిలోమీటర్లు నడిచి, ఫొటోలు దిగి ఇళ్ళకు పోతారు. ఇది పెద్దకులాలోళ్ళ పొద్దుటి షికారు, మనకెందుకు అనే మాట మన సంఘాల్లోనే వినపడుతోంది. మేము ఒప్పుకోం. ఈమధ్య మా ప్రకాశం జిల్లాలో జరిగిన అట్లాంటి నడకకు మా పల్లె నుంచి రెండు ఆటోలు మాట్లాడుకుని పద్దెనిమిది మందిమి పోయాం. రేపు మళ్ళీ పిలిస్తే మళ్ళీ పోతాం. కాకపోతే పోయినవాళ్ళం తలకాయ ఊపి వెనక్కి రాకూడదు.

ఎందుకు పోయామో ముందు చెప్పాలి. మా పల్లెలో ఒక అక్క ఇరవై ఏళ్ళకు పైగా పొగాకు గ్రేడింగుకి పోయింది. బేరన్లో కాల్చిన ఆకు ఏది మేలు, ఏది నాసి అని ఏరిపెట్టే పని. పొద్దుగూకులూ ఆ దుమ్ములోనే కూర్చోవాలి. ఆకలి తెలీకుండా ఉంటుందని ఆకు ముక్క దవడన పెట్టుకోవడం ఆ పనికిపోయే ఆడవాళ్ళలో చాలామందికి అలవాటు. ఈమెకూ అలవాటే. బుగ్గ లోపల పుండు లేచింది. ఊళ్ళో తిరిగే ఆర్‌ఎంపీ ఆరు నెలలు గొట్టం మాత్రలు ఇచ్చాడు. పెద్దాసుపత్రికి పోయేసరికి దవడ ఎముక కొంత, నాలుక కొంత తీసేయాల్సి వచ్చింది. తర్వాత కరెంటు పెట్టారు. మనిషి బతికింది. మాట ముద్దముద్దగా వస్తుంది. ముఖానికి చెంగు అడ్డం పెట్టుకోకుండా గడప దాటదు. నడక సంగతి తెలిసి ఆమే అడిగింది, మందిలో నడుస్తానని. ఆమె అడిగాక షికారా, ఉద్యమమా అని తర్కం చేసుకుంటూ కూర్చోవాలా?

మందిలో నడవాలని ఎందుకు అడిగిందో కూడా చెప్పుకోవాలి, సిగ్గయినా సరే. ఆమెకు ఇంట్లో వేరే గ్లాసు, వేరే కంచం. మొన్నటిదాకా బావి దగ్గరా బోరింగు దగ్గరా పక్కన నిలబడినవాళ్ళే ఇప్పుడు నాలుగడుగులు ఎడంగా జరుగుతున్నారు. అన్నలారా, అక్కలారా, టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి మీద కొట్లాడిన పల్లెలు మనవి. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వెంట వేలమంది చవదార్ చెరువు దాకా నడిచి దోసిళ్ళతో నీళ్ళు తాగింది దేనికి? ఆ నడక వారసులం మనమని చెప్పుకుంటూ రోగమొచ్చిన మన ఆడబిడ్డకు మనమే రెండో గ్లాసు పెడుతున్నాం. కాన్సరు అంటురోగం కాదు. ఒక కంచంలో తిన్నా, ఒక మంచంలో పడుకున్నా, బిడ్డను ముద్దాడినా అంటదు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే కాన్సరుకు ఎక్కువగా ఒక వైరస్ కారణం, నిజమే. దానికి టీకా ఉంది, 2023 నుంచి మన దేశంలో తయారైనదే దొరుకుతోంది. అంతేగాని కాన్సరు ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి పాకదు. పంతులుద్యోగం చేసే మేము ఇది బడిలో పిల్లలకు చెప్తే, పిల్లలు పోయి ఇళ్ళల్లో చెప్పారు. పెద్దోళ్ళకు మేము చెప్పినదానికంటే అదే ఎక్కువ పనిచేసింది.

ఇక నడక. మూడొందలు కట్టినోళ్ళకు బనీను, టోపీ, టిఫిను. కట్టనోళ్ళు వెనక నడవచ్చన్నారు. మూడొందలంటే మా ఆడవాళ్ళకు ఒక రోజు కూలి. చందా ఇవ్వం అనలేదు మేము. మనిషికి ఇరవై చొప్పున వేసుకుని డబ్బాలో వేశాం. ఆ ఇరవైకి బనీను రాలేదు, రసీదూ రాలేదు. అక్క అర కిలోమీటరు పైగా నడిచింది, ఆయాసమొస్తే ఆటోలో కూర్చోబెట్టాం. అంత దూరమూ చెంగు తీసే నడిచింది! పక్కన నడుస్తున్న ఒకామె, ఏ కులమో మాకు తెలీదు, ఆమె కూడా జబ్బు నుంచి లేచిన మనిషేనట, వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ చివరిదాకా ఏవో మాట్లాడుకున్నారు. ఇట్లాంటిది మన మీటింగుల్లో ఎప్పుడన్నా జరిగిందా? అందుకే పొమ్మంటున్నాం.

తర్వాత స్టేజీ. కాన్సరును జయించినవాళ్ళు పైకి రండి అని మైకులో పిలిచారు. అక్క లేచింది. కార్యకర్త ఒకాయన వచ్చి, అమ్మా రెండు మాటలు మాట్లాడగలవా అన్నాడు. ఆమె నోరు తెరిచింది, ఆయనకు అర్థం కాలేదు. కూర్చోమన్నాడు. బాగా మాట్లాడేవాళ్ళను పిలిచి శాలువాలు కప్పారు. నాలుక కోయించుకున్న మనిషిని ఉపన్యాసం ఇవ్వమంటే ఎక్కడ ఇస్తుంది? ఆయన చెడ్డోడేం కాదు. ఎవరి కోసం నడుస్తున్నామో ఆ మనిషి ఎట్లా ఉంటుందో ఆయనెప్పుడూ చూడలేదు, అంతే.

స్టేజీ వెనక బ్యానరు మీద దాతల పేర్లున్నాయి. కింది వరసలో ఒక పొగాకు వ్యాపారి పేరు! మా ఆడవాళ్ళలో చదువొచ్చిన పిల్ల ఒకతి పైకే చదివింది. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. పొగాకుకు బోర్డు ఉంది, 1976లో గుంటూరులో పెట్టారు. ఆకుకు వేలంపాట ఉంది, కిలోకింత అని పాడతారు. ఆ ఆకు ఏరినోళ్ళ దవడ పోతే దానికి ఏ పాటా లేదు. ఆయన డబ్బు తీసుకోవద్దని మేము అనం. అది మన కూలి నుంచి మిగిల్చుకున్నదే, వెనక్కి రానీండి. కానీ ఆ పేరు బ్యానరెక్కడానికి వీల్లేదు.

ఇది జరగని పనేం కాదు. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడికి ఎముక కాన్సరొచ్చి 1977లో కుడికాలు తీసేశారు. 1980లో పెట్టుడు కాలితో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగు మొదలుపెట్టాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాక జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. 1981లో, 22 ఏళ్ళకే చనిపోయాడు. కంపెనీలు తన పరుగును వ్యాపార ప్రకటన చేసుకుంటామంటే ఒప్పుకోలేదు. దేశంలో తలకొక డాలరు ఇమ్మన్నాడు. ఆయన పేరుతో ఏటా జరిగే పరుగుకి ప్రవేశ రుసుం లేదు, పందెం లేదు. ఉన్నోడు ఉన్నంత వేస్తాడు, లేనోడు ఊరికే నడుస్తాడు.

మన పక్కనే ఉన్నదీ చెప్తాం. మన జిల్లావాళ్ళు రైలెక్కి మద్రాసు పోయి చూపించుకునే అడయారు కాన్సరు ఆసుపత్రి 1954లో 12 మంచాలతో మొదలైంది. పెట్టించింది డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డి. ఆమె తల్లి దేవదాసీ కుటుంబంలోది. ఆ ఆచారం రద్దు కావాలని మద్రాసు శాసనమండలిలో కొట్లాడింది కూడా ఈమే. చెల్లెలు కాన్సరుతో పోతే, ఆ దుఃఖంతో ఏళ్ళ తరబడి తిరిగి చందాలు పోగుచేసింది. ఆ చందా ఆసుపత్రయి నిలబడింది, ఇప్పటికీ మనవాళ్ళు పోతున్నారు. మొన్న మేము డబ్బాలో వేసినది ఏమైంది? అడిగితే, తర్వాత చెప్తాం మాస్టారూ అన్నారు.

ఎక్కడికి పోవాలో మేమే చెప్తాం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతున్నా కార్డు మీద ఆపరేషను, కరెంటు జరుగుతున్నాయి. కానీ కరెంటు ఒక్క రోజుతో అయ్యేది కాదు. నోటి కాన్సరుకైతే చాలామందికి వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలు. అన్నాళ్ళూ ఆ ఊళ్ళో తల దాచుకోవాలి, తోడు మనిషి తినాలి, ఇద్దరి కూలీ పోతుంది. అక్క ఇంట్లో ఆ ఏడు వారాలకు గేదెను అమ్మారు. మూడో వారంలోనో నాలుగో వారంలోనో మందులు ఆపేసి బస్సెక్కి ఇంటికొచ్చేసినవాళ్ళు మన పల్లెల్లో ఎంతమంది లేరు! చందా డబ్బు ముందు అక్కడ పడాలి. గది అద్దెకు, అన్నానికి, చార్జీలకు. రైలుకైతే ఒక మాట గుర్తుపెట్టుకోండి. కాన్సరు వైద్యానికి పోయే రోగికి స్లీపరు టిక్కెట్టు ఉచితం, వెంట పోయే ఒకరికి ముప్పాతిక వంతు తగ్గింపు. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న రాయితీ కాగితం అడిగి తీసుకోవాలి. అడగందే ఎవరూ ఇవ్వరు.

ఇంకొకటి. వచ్చేసారి నడక స్టేడియం చుట్టూ కాదు, గ్రేడింగు చేసే ఆడవాళ్ళుండే పల్లెలకు రావాలి, వెంట నోరు చూసే డాక్టరుండాలి. 30 ఏళ్ళు దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయాలని సర్కారు కార్యక్రమమే ఉంది. ఆశా కార్యకర్తనూ ఏఎన్‌ఎంనూ పట్టుకుని అడగండి. నోట్లో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, నోరు సరిగా తెరుచుకోకపోవడం, రొమ్ములో నొప్పిలేని గడ్డ, ముట్లుడిగాక రక్తం కనపడటం, వీటిలో ఏదున్నా గొట్టం మాత్రలతో కాలం గడపొద్దు.

నడక జరిపినవాళ్ళకు మేము రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాం. ఎంత వచ్చింది, బనీన్లకూ మైకుకూ ఎంత పోయింది, రోగులకు ఎంత, ఏ ఊరివాళ్ళకు అని నాలుగు ప్రశ్నలు. పద్దెనిమిది మందిమీ సంతకాలు పెట్టాం. అక్క వేలిముద్ర వేయనంది, పేరు రాయడం నేర్చుకుని రాసింది. జవాబొస్తే ఉన్నదున్నట్టు ఇక్కడే అచ్చేస్తాం. నెలలోపల రాకపోతే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకి పోతాం. వచ్చేవాళ్ళు ముందు చెప్తే ఆటోలు మాట్లాడతాం.