బంతి వదిలి తుపాకీ పట్టే మన బిడ్డలు

మింజూరులో ఆదివారం ఆరాధన ముగిశాక ప్రార్థన కోసం మా దగ్గరికి వచ్చేవారిలో ఈమధ్య కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. "అయ్యగారూ, ఆర్మీ సెలక్షన్ ఉంది, ప్రార్థన చేయండి" అంటారు. వీరిలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాళ్ళూ ఉన్నారు. సాయంత్రం బంతి ఆడిన కాళ్ళతోనే తెల్లవారుజామున 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేస్తారు. డిగ్రీ ముగిసేదాకా ఆగితే వయసు దాటిపోతుందని వీరి భయం. తల మీద చేయి ఉంచి ప్రార్థిస్తాము. కానీ ఒక ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. ఈ బిడ్డ సైన్యానికి వెళ్తున్నది ఇష్టపడా, లేక మిగతా తలుపులన్నీ మూసుకుపోయా?

ఆట నుండి సైన్యానికి దారి కొత్తదేమీ కాదు. 1935లో హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ గారు సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, అక్కడి నుండి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరారు. గోల్‌కీపర్‌గా ఎదిగింది అక్కడే. ఆ సైనిక జట్టు 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది. ఆయన మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నారు. 1967లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆ రోజుల్లో సైన్యం క్రీడాకారుని చేతిలోని బంతిని లాక్కోలేదు. ఆటను పెంచింది, బతుకుతెరువునూ చూపింది.

ఇప్పుడు అదే దారిలో నడిచే సామాన్య కుర్రవానికి దొరికేది ఏమిటి? 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం నాలుగేళ్ళ కొలువు. ఆ తరువాత సైన్యంలో ఉంచుకునేది నూటికి 25 మందిని మించదు. తక్కినవారు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి రావాలి. వడ్డీ పోగా అందులో సగం వారి జీతంలో నుండి నెలనెలా పట్టుకున్నదే. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. పాతికేళ్ళయినా నిండకముందే మళ్ళీ ఉద్యోగాల వేట మొదలవుతుంది. ఆటలో ఎదగవలసిన వయసు అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్‌ను తెలుగువారు మరచిపోలేరు. కూలి పని చేసుకునే గిరిజన కుటుంబపు బిడ్డ. 2025 మేలో జమ్మూ కాశ్మీర్ సరిహద్దులో ప్రాణం ఇచ్చాడు. నాయకులు ఊరికి వచ్చారు, సాయం ప్రకటించారు. అది మంచిదే. అయితే తోటి సైనికుని కుటుంబానికి వచ్చే పింఛను తమకూ రావాలని ఆ తల్లి బొంబాయి హైకోర్టు గడప తొక్కవలసి వచ్చింది. తుపాకీ గుండు రెగ్యులర్ సైనికుడా, అగ్నివీరా అని అడిగి తగలదు. మరి వారి కుటుంబాల మధ్య ఈ తేడా దేనికి?

కొందరు విశ్వాసులు మాతో వాదిస్తారు. "సైన్యం క్రమశిక్షణ నేర్పుతుంది, ఊళ్ళో గౌరవం ఇస్తుంది, మీరెందుకు అడ్డుపడతారు?" అంటారు. మేము అడ్డుపడడం లేదు. కపెర్నహూములోని శతాధిపతి విశ్వాసాన్ని ప్రభువే మెచ్చుకున్నాడు. యూనిఫాం వేసుకున్నవారిని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. కులం పేరుతో అవమానపడిన ఇంట్లో ఒక బిడ్డ యూనిఫాంతో అడుగుపెట్టినప్పుడు ఆ తండ్రి ముఖంలో కనబడే వెలుగు మాకు తెలుసు. అయితే రాజు వస్తే మీ కుమారులను తన రథాల కోసం తీసుకుపోతాడని ప్రజలను ముందుగా హెచ్చరించినవాడు సమూయేలు ప్రవక్త. కాపరికి ఆశీర్వదించే పనితో పాటు హెచ్చరించే పని కూడా ఉంది.

మన ప్రాంతాన్నే చూడండి. ఒకవైపు థర్మల్ విద్యుత్ కేంద్రం, మరోవైపు ఓడరేవులు. దేశానికి కరెంటు, సరుకులు ఇచ్చే ఈ నేల మీద పిల్లలు ఆడుకోవడానికి చదునైన మైదానం దొరకడం కష్టం. ఒకప్పుడు ఐసీఎఫ్, సదరన్ రైల్వే, ఇండియన్ బ్యాంక్ జట్లలో చోటు దొరికితే చెన్నై ఫుట్‌బాల్ ఆటగానికి జీవితం స్థిరపడినట్టే. అలాంటి కొలువులు పెరగాలి. ఆట కూడు పెట్టదని ప్రతి ఇంట్లో చెప్పే పరిస్థితి ఉన్నంత కాలం, కుర్రవాడు సైన్యాన్ని ఎన్నుకున్నాడని అనలేము. అతనికి మిగిలినది అదొక్కటే.

అందుకే మన సంఘాలకు మా మనవి. సెలక్షన్ వచ్చిన బిడ్డకు దండ వేసే ముందు, తల్లిదండ్రులతో కూర్చుని షరతులన్నీ వారి భాషలో చదివి వినిపించండి. డిగ్రీ మధ్యలో వదలకుండా దూరవిద్యలోనైనా కొనసాగించే మార్గం చూపండి. చర్చి ఆవరణలో ఖాళీ స్థలం ఉంటే సాయంత్రాలు పిల్లల ఆటకు తెరవండి. నాలుగేళ్ళకు తిరిగివచ్చినవాడు ఓడిపోయినవాడు కాదని వేదిక మీద నుండి చెప్పండి. సరిహద్దులో మరణించిన ప్రతి సైనికుని కుటుంబానికీ ఒకే పింఛను ఇవ్వాలని మన ప్రజాప్రతినిధులను అడగండి.

వచ్చే ఆదివారం మరో కుర్రవాడు ప్రార్థన కోసం వస్తాడు. ప్రార్థిస్తాము. దానికి ముందు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నీకు నిజంగా ఏమి కావాలి నాయనా?" అని అడుగుతాము. మీరూ అడగండి.