రాజధానికి పోవు రైలు

మన రాజధాని పుదుచ్చేరి యానామునకు దాదాపు 870 కిలోమీటర్ల దూరము. దరియాలతిప్ప వాసులమైన మేము రైలెక్కవలెనన్న కాకినాడకు పోవలసినదే. చెంగల్పట్టు వరకే పోవుచుండిన సర్కారు ఎక్స్‌ప్రెస్సును 2024లో పుదుచ్చేరి వరకు పొడిగించుటతో నడుమ బండి మారు బాధ తప్పినది.

ఇక ఆ బండి ఆగు స్టేషనులను తగ్గించి వేగము పెంచవలెనని మనలో కొందరి కోరిక. సచివాలయమున పనిగలవారికిని, చదువులకు పోవు పిల్లలకును కాలము విలువైనదే. ఆగిన ప్రతిచోట నిలిచిన నిమిషములే గాక, వేగము తగ్గించుటకును మరల అందుకొనుటకును పట్టు కాలము కూడ పోవును. అయినను తణుకు, గుడివాడ, బాపట్ల వారికి చెన్నై చేర్చు బండ్లలో అదియు నొకటి. చిన్న ఊరివారమైన మనమే చిన్న ఊళ్ల బండిని తప్పింపగోరుట న్యాయము కాదు.

ముంబయిలో చర్చిగేటు–విరారు మార్గమున అన్నిచోట్ల ఆగు బండ్లకును, వేగపు బండ్లకును వేర్వేరు పట్టాలు కలవు. మన మార్గమున ఆ వసతి పొడవునా లేదు. వెనుక వచ్చు వేగపు బండికి ముందున్న బండి ప్రక్కదారిలో నిలిచి త్రోవ ఈయవలెను. కావున ఉన్న బండిని యథాతథముగ ఉంచి, వారమునకు రెండు మూడు దినములైనను కొద్దిచోట్ల మాత్రమే ఆగు వేరొక బండిని కాకినాడ నుండి పుదుచ్చేరికి నడుపుమని అడుగుట ఉచితము. దానికొరకు సర్కారు బండి దారిలో పడిగాపులు పడకుండునట్లు వేళలు కుదుర్చుటయు అంతే ముఖ్యము.

మన సంఘము ప్రభుత్వమునకును, రైల్వే వారికిని పంపు విన్నపము ఈ రూపముననే ఉండవలెనని మా అభిప్రాయము.