పొగరు ఎవరిది?

అనువాదకుడికి పక్షం ఉండరాదనీ, నిఘంటువులో ఉన్న మాట వేసి ఊరుకోవాలనీ మన పండితులు కొందరు సెలవిస్తుంటారు. ఈ వాదం ఎంత బూటకమో రెండు స్పానిష్ మాటలతో చూద్దాం.

'దెస్కరాదో' అంటే సిగ్గు విడిచి అమర్యాదగా ప్రవర్తించేవాడు. మాటకు మాట దింపితే 'మొహం లేనివాడు'. కాని తెలుగులో మొహం చెల్లనివాడు సిగ్గుతో తప్పించుకు తిరుగుతాడు! నిఘంటు విధేయత అర్థాన్నే తలకిందులు చేసింది.

'ఇన్సొలెంతె' సంగతి మరీ గడ్డు. దాని లాటిన్ మూలానికి 'అలవాటు లేనిది' అని అర్థం. మనవాళ్ళు పొగరు, బలుపు, కొవ్వు అని వేస్తారు. ఈ మాటలు ఎవరి నోటివి? మా కోట్‌పల్లి ప్రాంతం 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉండేది. 'నీ బాంచెన్, కాల్మొక్త' అనడమే అలవాటైన ఆ రాజ్యంలో, తలెత్తిన వెట్టివాడిని 'బలిసినవురా' అన్నారు. కూటికి లేనివాడికి కొవ్వట! దొర 'ఏరా' అంటే మర్యాద. మనం 'నువ్వు' అంటే పొగరు. కచేరీ ఉర్దూలో అదే గుస్తాఖీ. పారశీకంలో ఆ మాటకు సాహసమనే అర్థం కూడా ఉంది. దొరకు అది వినిపించలేదు.

కనుక స్పానిష్ కథలో భూస్వామి నోట ఆ మాట వస్తే 'బలుపు' అనే వేయండి. వాడి బుద్ధి బయటపడాలి. కథకుడి నోట వస్తే, అతడు ఎవరి కళ్ళతో చూస్తున్నాడో తేల్చుకుని 'తెగువ' అనో 'ఎదిరింపు' అనో రాయండి. ఇది మూలాన్ని దిద్దడం కాదు, మాట్లాడేవాడెవడో గుర్తుపట్టడం. ఆ పని చేయని అనువాదకుడు తటస్థుడు కాడు. గడీలో జీతం లేని గుమాస్తా.