చేపల తొట్టికి చౌక వెలుగు



చంపాపేటలోని మా ఇంటి చేపల తొట్టిలో మొక్కలు పసుపుబారగా, రెండో ట్యూబు కొనమని పిల్లలు పట్టుబట్టారు. మేము మూత తెరచి చూచితిమి. 2 అడుగుల, 20 వాట్ల ట్యూబు వెలుగులో దాదాపు సగం పైకే పోతోంది. నల్లని మూత దానిని మింగేస్తోంది.

ప్లగ్గు తీసి, మూత లోపల తెల్ల ఎనామిల్ రంగు రెండు పూతలు వేసి, వాసన పోయేదాకా ఆరబెట్టాము. ఖర్చు చిన్న డబ్బా రంగే. మా చిన్నవాడు అల్యూమినియం రేకు అంటించబోతే వారించాము. అది ఊడి తడి హోల్డరుకు తగిలితే కరెంటు పాకుతుంది, ప్రాణాపాయం! నీటిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీయుట మరువకండి. రోజుకు 8 గంటల వెలుగు చాలు. మించితే నాచు పడుతుంది.

నెల తిరిగేసరికి కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. రెండో ట్యూబు కొనలేదు.