చవక బేరం ఎవరి చేతికి?

ఇంట్లో ఏ వస్తువు పాడైతే ఎంత ఖర్చు పెట్టాలో తేల్చే త్రాసు ఒకటి మగవాళ్ళ దగ్గర ఉంటుంది. అందులో స్కూటరు ఎప్పుడూ బరువే, వంటింటి సామాను ఎప్పుడూ తేలికే!

మా కరెంటు ఓవెన్ మూలన పడింది. "బాగు చేయించు, కాని చవగ్గా తేలిపోవాలి" అని సెలవిచ్చారు మావారు. పోయిన నెల స్కూటరుకి క్లచ్ ప్లేట్లు మార్పించినప్పుడు ఈ "చవగ్గా" అన్న మాట ఆయన నోట రాలేదేం?

వచ్చిన మెకానిక్కు కూడా ఆ మాటే తారకమంత్రం. "థర్మోస్టాట్ పోయిందమ్మా. కొత్తదెందుకు, డైరెక్టు ఇచ్చేస్తాను. ఎర్తు వైరూ కాలిపోయింది. అది లేకపోయినా పని చేస్తుంది" అన్నాడు.

ఎందుకు చెయ్యదూ? బ్రేకుల్లేని స్కూటరు కూడా నడుస్తుంది! కావలసిన వేడి రాగానే కరెంటు ఆపేదీ, చల్లబడితే మళ్ళీ ఇచ్చేదీ థర్మోస్టాటే. అది లేకపోతే వేడికి హద్దుండదు. ఇక ఎర్తు అంటారా, లోపల కరెంటు పైరేకుకు తగిలిన రోజున దాన్ని మన ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పంపే తీగ అది. ఈ రెండూ తీసేసి మిగుల్చుకున్న డబ్బును పొదుపు అంటారా?

"పోనిద్దురూ, పాతది పారేసి కొత్తది కొనుక్కోండి" అంటుంది పక్కింటావిడ. అదీ నాకు నచ్చదు. ఒక్క భాగం పోయినంత మాత్రాన మొత్తం చెత్త అయిపోతుందా? వస్తువును బాగుచేయించుకునే హక్కు కోసం మన ప్రభుత్వమే 2022లో ఒక కమిటీ వేసింది. ఇంట్లో వాడే కరెంటు సామాన్లు కూడా దాని పరిధిలోవే. కనుక థర్మోస్టాట్ అయినా, ఎలిమెంటు అయినా ఆ మోడల్‌కు సరిపడే కొత్తది దొరికితే వేయించండి, మూడు కాళ్ళ ప్లగ్గుకు ఎర్తు ఉందో లేదో దగ్గరుండి చూడండి. లోపలి వైర్లన్నీ మాడి, రేకు తుప్పుపట్టి చిల్లులు పడితే మాత్రం మమకారం వదులుకుని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇచ్చెయ్యండి.

ఈసారి ఇంట్లో ఎవరైనా "చవగ్గా కానిచ్చెయ్" అంటే ఒక్క ప్రశ్న వెయ్యండి: "రోజూ దాని తలుపు తీసే చెయ్యి ఎవరిదండీ?"