ఉపోద్ఘాతం లేకపోతే వ్యాసం కాదా?



ఇటీవల ఒక సాహిత్య గోష్ఠిలో జపాను వారి ‘జుయిహిత్సు’ ప్రసక్తి వచ్చింది. కుంచె ఎటు పోతే అటు పోవడమని ఆ మాటకర్థం. వారికి నాడు కలమూ కుంచే ఒకటే. నావలెనే పండిత శిక్షణ పొందిన ఒక పెద్దాయన వెంటనే, “ఆదిమధ్యాంతాలు లేనిది సాహిత్యమెట్లవుతుంది? పని లేనివారి రాతలవి” అని తేల్చేశారు. సభామర్యాద కొద్దీ అక్కడ ఊరకున్నాను. ఇక్కడ ఊరకుండలేను.

ఆయన నిందగా అన్న మాట నిజానికి ఒక గ్రంథనామం. కెన్కో అనే బౌద్ధ భిక్షువు 1330 ప్రాంతంలో రాసిన ‘త్సురెజురెగుస’ను తెలుగు చేస్తే ‘ఊసుపోక రాసినవి’ అనే చెప్పాలి. అందులో 243 తునకలు. ఒకదానికి మరొకదానితో లంకె ఉండాలన్న పట్టుదల లేదు. అంతకు మూడు వందల ఏళ్ళకు పైగా ముందు, 1000వ సంవత్సరం ప్రాంతంలో, తేషి మహారాణి కొలువులోని సేయ్ షోనగాన్ అనే విదుషీమణి ‘మకురా నో సోషి’ రాసింది. చిరాకు పుట్టించేవి, ముచ్చట గొలిపేవి అంటూ పట్టికలు, మధ్య మధ్య కొలువు ముచ్చట్లు. జుయిహిత్సు అన్న పేరు తర్వాతివారు పెట్టినదే. ఈ రెండింటినీ జపాను పిల్లలు నేటికీ బడిలో పాఠాలుగా చదువుకొంటారు.

“అది వారి సంప్రదాయం, మనది కాదు” అనవచ్చు. అయ్యా, మన ఆలంకారికులు నాటకానికి పంచసంధులు విధించిన మాట నిజమే. కానీ ముక్తకానికి విధించారా? దండి దానిని కావ్యభేదాలలో లెక్కించాడు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు, అమరుకుని ముక్తకాలు ఒక్కొక్కటీ ప్రబంధమంత రసవంతమని మెచ్చుకొన్నాడు. అంత దూరమెందుకు? మా కదిరి సీమలోనే, కటారుపల్లెలో, వేమన సమాధి ఉంది. ఆయన పద్యాలకు ఉపోద్ఘాతమేది? ఉపసంహారమేది? బ్రౌను 1829లో అచ్చు వేయించినప్పుడు ఒక వరుస పెట్టుకొన్నాడు. తర్వాతివారు తమ తమ వరుసలు పెట్టుకొన్నారు. ఒక్క పద్యానికైనా నష్టం వాటిల్లిందా?

పద్యానికిచ్చిన ఈ స్వేచ్ఛను వచనానికి నిరాకరించడం ఏ శాస్త్రం? చలం ‘మ్యూజింగ్స్’ రాశాడు. సంజీవదేవ్ తన జీవితకథకు ‘తెగిన జ్ఞాపకాలు’ అనే పేరు పెట్టుకొన్నాడు. వ్యాసప్రక్రియకు మూలపురుషుడని మనం చెప్పుకొనే ఫ్రాన్సు దేశపు మాంటేన్ సైతం, 1580లో వెలువరించిన తన పుస్తకానికి ‘ప్రయత్నాలు’ అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. చెప్పదలచిన దారి వదలి పక్కదారులు పట్టడం ఆయనకు అలవాటు. మరి ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అనే మూడు గదుల ఇల్లు ఎవరు కట్టారు? మనమే, ఉపాధ్యాయులమే. జవాబు పత్రాలు త్వరగా దిద్దుకోవడానికి!

తోచినదల్లా కుమ్మరిస్తే జుయిహిత్సు అవుతుందని నేననను. కెన్కో తునకలో చూపు ఉంటుంది, ఎక్కడ ఆపాలో తెలిసిన సంయమనం ఉంటుంది. క్రమం లేకపోవడం వేరు, శ్రద్ధ లేకపోవడం వేరు. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. అందుకు మూల్యం చెల్లించినది నేను కాదు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక అర్ధసంవత్సర పరీక్షలో ‘వర్షాకాలం’ మీద వ్యాసం అడిగాను. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఏడెనిమిది వాక్యాలు రాశాడు. విత్తనానికి తెచ్చిన చెనక్కాయలు మూటలోనే ఉన్నాయని ఒక వాక్యం. వాళ్ళ నాయన పొద్దున లేస్తూనే మబ్బు కోసం చూస్తాడని ఒకటి. అవ్వ గొడుగు బాగు చేయించి గూటికి తగిలించిందని ఒకటి. ఎద్దులను సంతకు తోలినారని చివరిది. ‘క్రమం లేదు’ అని ఎర్ర సిరాతో రాసి, పదికి మూడు వేశాను. భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశమని మొదలుపెట్టి, గైడులోది అప్పగించిన వాడికి ఎనిమిది వేశాను.

మరుసటి ఏడు ఆ పిల్లవాడు బడికి రాలేదు. కారణం కరవే, నా మూడు మార్కులు కాదు. అయినా, ఎద్దులు పోయిన ఇంట్లో కూర్చొని వాడు రాసిన ఆ వాక్యాల తర్వాత ఇంకే ఉపసంహారం కోరుకొన్నానో నాకే తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత గైడు వ్యాసంలో ఆ మొదటి వాక్యం తప్ప మరొకటి గుర్తు లేదు. వాడివి మాత్రం గుర్తున్నాయి.

కనుక ఆ పెద్దాయనకూ, ఇంకా బడిలో ఎర్ర సిరా పట్టుకొన్న సోదర పండితులకూ నా మనవి ఒక్కటే. తునకలుగా రాసిన పిల్లవాణ్ణి క్రమం అడిగే ముందు, వాడు ఏం చూశాడో చదవండి. నేను చదవలేదు.